జవాబు వచ్చేదాకా గొలుసు కదలదు

మా పంపుహౌసులో పనిచేసేది ఇద్దరమే. ఇద్దరి భాషలూ కలిపి లెక్కేస్తే అరడజను తేలేవి. ఇద్దరికీ ఉమ్మడిగా సరిగ్గా వచ్చిన భాష మాత్రం ఒక్కటీ లేదు.

ఆయనది నెదర్లాండ్స్. అరవై దాటిన నీళ్ల ఇంజినీరు. నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఏడో తరగతి మధ్యలో బడికి సెలవు పెట్టి, ఆ సెలవు ఇంకా పూర్తి చేయనివాణ్ణి. రియాద్‌కు దక్షిణంగా గంటన్నర దూరంలో, ఇసుక మధ్య పెద్ద పెద్ద పందిళ్లు వేసి దోసకాయలు, టమాటాలు పండించే తోట మాది. ఇక్కడివాళ్లు మజ్రా అంటారు. ఆ మజ్రాకు నీళ్లు పంపేది ఆయన. ఆయన చెప్పిన పంపు విప్పి బిగించేది నేను.

మొదటి పదిరోజులు ఆయన నాతో ఇంగ్లీషు మాట్లాడాడు. నేను అన్నిటికీ ‘ఎస్ సార్’ అన్నాను. ఒకరోజు ఇరవైనాలుగో నంబరు స్పానర్ తెమ్మంటే ‘ఎస్ సార్’ అని వెళ్లి చాయ్ తెచ్చాను. ఆయన చాయ్ తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, చేతులు రెండూ గాల్లోకి ఎత్తి కొంత హిందీ, కొంత అరబ్బీ, మిగతాది వేళ్లతో కలిపి ఒక సంగతి చెప్పాడు. నాకు అర్థమైనంత మేరకు అది ఇది:

‘నీకు ఇంగ్లీషు రాదు. డచ్చి రాదు. నేను ఏది మాట్లాడినా నీకు ఒకటే. అలాంటప్పుడు నాకు కష్టమైన భాష ఎందుకు మాట్లాడాలి? రేపటి నుంచి మా ఊరి మాట మాట్లాడతా.’

నేను తెలుగులోనే జవాబు చెప్పాను. “గట్లనే కానియ్ పటేలా. నాకు సుత ఎస్సార్ ఎస్సార్ అనుకుంట పెదాలు అరిగినయ్.”

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఆయన ఆయన ఊరి మాట, నేను మా ఊరి మాట. మధ్యలో చేతులు, స్పానర్లు, బోల్టులు. అందరూ ఆయనను ముదీర్ అనేవాళ్లు, అంటే మేనేజర్. నేను పటేలా అనేవాణ్ణి. మా ఊరిపెద్ద పటేల్‌ను ‘నువ్వు’ అని పిలిచి తిరిగి ఇంటికి నడిచి వచ్చినవాడు తక్కువ. ఇక్కడ ఆయనకు నువ్వుకూ మీరుకూ తేడా తెలియదు కాబట్టి నాకు ఆ భోగం దక్కింది. ఆయన నన్ను సదీక్ అనేవాడు. నేస్తం అని అర్థం. ఈ దేశంలో పేరు తెలియని ప్రతి పనివాడూ సదీకే. కానీ ఆయన అన్నప్పుడు అది నా పేరులాగే వినిపించేది.

పొద్దున ఏడింటికి ఆయన వచ్చి చేసే మొదటి పని ఒకటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను పంపు ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కళ్లు మూసుకుంటాడు. లోపల బేరింగు ఎలా తిరుగుతోందో వింటాడు. విని ఒక వాక్యం అంటాడు. నీళ్లు నడుస్తున్నాయి, ఇవాళ్టికి బతుకుతాం, అనే లాంటి వాక్యం. నేను దానికి ఏదో ఒక ఎకసెక్కం తగిలిస్తాను. “డాక్టరు సాబ్, కడుపుల ఆడపిల్లనా మొగపిల్లగాడా?” అంటాను. ఆయనకు ముక్క అర్థం కాదు, నవ్వుతాడు. నేను ఆయన గొంతు పెట్టి ఆయన వాక్యాన్నే తిరిగి అప్పజెప్తాను. ఇంకా నవ్వుతాడు. ఇలా నాలుగేళ్లు గడిచాయి. గొంతులు పట్టడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. అర్థం లేకుండానే ఆయన ఊరి మాట చాలా వరకు నా నోటికి వచ్చేసింది. కొంత అర్థంతో కూడా.

నేను దాన్ని డచ్చి అనుకున్నాను. ఒకసారి పందిళ్ల తెరలు బాగుచేయడానికి ఇద్దరు డచ్చివాళ్లు వచ్చారు. ఇంత విద్య నేర్చి మూల కూర్చోవడమెందుకని ఎదురెళ్లి ఒక పూర్తి వాక్యం వదిలాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని పగలబడి నవ్వారు. మా పెద్దాయన వైపు వేలు చూపించి ఏదో అన్నారు. ఆయన నవ్వలేదు.

వాళ్లు వెళ్లాక ఆయన పంపుహౌసు నేల మీద పేరుకున్న దుమ్ములో స్క్రూడ్రైవర్ కొనతో బొమ్మ గీశాడు. సముద్రం చేతివేళ్లలా నేలలోకి చొచ్చుకొచ్చింది. ఆ వేళ్ల మధ్య దీవులు. దేశానికి నైరుతి మూల అది. దాని పేరు జేలాండ్, అంటే సముద్రపు నేల. ఆ మాట పేరు జేవ్స్. డచ్చికి చుట్టమే, కానీ బడిలో చెప్పే డచ్చి కాదు. ఒక్కో దీవి మీద చుక్క పెడుతూ ఇక్కడ మాట్లాడతారు, ఇక్కడ మాట్లాడతారు అన్నాడు. మొదటి చుక్క ఆయన ఊరు. పైన ఒక దీవి పక్క జిల్లా కిందికి పోయింది, అయినా మాట వీళ్లదే. మా పాత కరీంనగర్‌ను ముక్కలు చేసినా మాట ఒకటే మిగిలినట్టు. కింద బెల్జియంకు ఆనుకొని ఒక పట్టీ ఉంది. అక్కడి మాట సరిహద్దు దాటి అటువాళ్ల మాటలో కలిసిపోతుంది. రెండు పట్నాల మీద చుక్కలు పెట్టి బొటనవేలితో కొంచెం చెరిపాడు. అక్కడ తగ్గిపోయింది. పల్లెల్లో, పొలాల్లో, పడవల మీద ఉంది.

“మీ ఊళ్లె నీళ్లు బయటికి తోడి పోస్తరు. ఈడ లోపలికి తోడుతున్నవ్. నీళ్లు నీకేం పాపం చేసినయ్ పటేలా?” అన్నాను.

ఆయన ఇల్లు గీసి “ఊస్” అన్నాడు. వచ్చిన డచ్చివాళ్లు దాన్ని వేరేగా పలుకుతారని, ముందున్న హకారాన్ని తమవాళ్లు మింగేస్తారని నోరు తెరిచి మూసి చూపించాడు. తర్వాత బల్ల ముందు కూర్చున్న పిల్లవాడిని గీశాడు, పక్కన బెత్తం పట్టుకున్న మనిషిని గీశాడు. పిల్లవాడి నోటికి అడ్డంగా ఒక గీత కొట్టాడు.

ఆ బొమ్మ నాకు ఎవరూ తర్జుమా చేయనక్కరలేదు. ఏడో తరగతిలో మా సారు నాతో పాఠం చదివించి, నా ఉచ్చారణకు క్లాసంతా నవ్వేదాకా మళ్లీ మళ్లీ చదివించేవాడు. ఎలాగూ నవ్వుతారు, అదేదో నేనే నవ్విస్తే నయం కదా అని ఆ వయసులోనే తీర్మానం చేసుకున్నాను. బడి పోయింది. తీర్మానం ఉండిపోయింది.

మా ఇద్దరి ముచ్చట్లకు ఎవరి భాష వాళ్లదే. కానీ ఒక్క పనికి మాత్రం ఆయన వేరే చట్టం పెట్టాడు.

బావి పక్కన లోతైన గొయ్యి ఉంది. పెద్ద పంపును చైన్ పుల్లీకి తగిలించి ఆ గొయ్యిలోకి దింపాలి. పైన గొలుసు లాగేవాడు ఒకడు, కింద నిలబడి పంపును దాని పీట మీదికి సర్దేవాడు ఒకడు. పైవాడు తొందరపడితే కిందివాడి వేళ్లు పోతాయి, కాలం బాగాలేకపోతే మనిషే పోతాడు. కింద ఎప్పుడూ ఆయనే దిగేవాడు. పీట తన చేతికి తెలుసట. ఆయన చట్టం రెండు ముక్కలు. కింద నుంచి జవాబు రాకపోతే గొలుసు ఒక్క లంకె కూడా కదలకూడదు. మాట చెప్పేవాడి భాషలో కాదు, వినేవాడి భాషలో ఉండాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషికి తన ఊరి మాటే ముందు చెవిన పడుతుందని ఆయన నమ్మకం.

అందుకని పైనుంచి నేను “కాల్మన్” అని అరిచేవాణ్ణి. వాళ్ల ఊళ్లో మెల్లగా, నిదానంగా అని. కింద నుంచి ఆయన “రానీ” అని అరిచేవాడు. నేను ఒక లంకె వదిలేవాణ్ణి. కాల్మన్. రానీ. కాల్మన్. రానీ. ఒక్కోసారి బోల్టు సర్దుతూ ఆయన చాలాసేపు పలికేవాడు కాదు. అంతసేపూ నేను బరువు పట్టుకొని నిలబడేవాణ్ణి. “పటేలా, కింద పండుకున్నవా? చెయ్యి గుంజుతుంది” అంటే కూడా పలికేవాడు కాదు. అది చట్టంలో లేని మాట. మళ్లీ “కాల్మన్” అంటేనే “రానీ” వచ్చేది.

ఆ రోజు కూడా ఏడింటికే వచ్చాడు.

స్క్రూడ్రైవర్ పిడి చెవికి పెట్టుకున్నాడు. కొన పంపుకు ఆనలేదు, జానెడు పక్కన గాలిలో ఉంది. నేను చూశాను. నవ్వులాటకు చేస్తున్నాడనుకున్నాను. తర్వాత వాక్యం అన్నాడు. నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకొని మాట్లాడినట్టుంది. మాట ముద్దముద్దగా, కొనలు లేకుండా వచ్చింది. నాలుగేళ్లుగా నాకు సగమే అర్థమయ్యే భాష అది. ఆ రోజు పావు వంతు కూడా కాలేదు. ఇంకో దీవి మాట కాబోలు, ముసలోళ్లను వెక్కిరిస్తున్నాడు కాబోలు అనుకున్నాను. నాకు తోచినది అదే.

నేను ఏం చేశానంటే, ఆయన గొంతు పెట్టి, ఆ ముద్దమాటను ముద్దముద్దగానే తిరిగి అప్పజెప్పాను. చాలా బాగా వచ్చింది. ఆయన నా వైపు చూశాడు. మూతి ఒక పక్కే లేచింది. సగం నవ్వాడు. “పొద్దుగాల్నే సగం నవ్వేంది పటేలా, మిగిలిన సగం సాయంత్రం ఇస్తవా?” అన్నాను.

ఆయన వెళ్లి బయట బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చున్నాడు. నేను నా పని చూసుకున్నాను. మధ్యలో రెండుసార్లు ఆయన ముందు నుంచి వెళ్లాను. రెండుసార్లూ ఏదో అన్నాడు. రెండుసార్లూ తిరిగి అప్పజెప్పాను.

తొమ్మిది దాటాక వాల్వు దగ్గర కూలిపోయాడు.

మజ్రా డ్రైవరు పెషావర్ వైపు మనిషి, ధైర్యస్థుడు. ఇద్దరం కలిసి పికప్‌లో పడుకోబెట్టాం. దగ్గరలోని చిన్న దవాఖానాకు తీసుకెళ్తే వాళ్లు చూసి, ఇది మాతో కాదు, వెంటనే రియాద్‌కు పొమ్మన్నారు. పెద్దాసుపత్రి చేరేసరికి పన్నెండు కావస్తోంది. లోపలికి తీసుకుపోయారు. కౌంటర్‌లో ఆయన ఇకామా, అంటే ఈ దేశంలో ఉండే పర్మిట్ కార్డు, అడిగారు. ఆయన చొక్కా జేబులోంచి నేనే తీసి ఇచ్చాను. కార్డు మీద ఫొటోలో మూతి రెండు పక్కలా సమానంగా ఉంది.

కాసేపటికి ఒక నర్సు బయటికి వచ్చింది. నా మాట రెండు ముక్కలు వినగానే తెలుగులోకి దిగింది. గోదావరి జిల్లాల అమ్మాయి.

“అన్నయ్యగారూ, మీరేనాండీ ఆయనతో ఉన్నది? ఎప్పట్నించండీ ఇలాగ? టైము కరెక్టుగా కావాలంటున్నారు డాక్టరుగారు.”

డ్రైవరు అందుకొని “నౌ బజే, సిస్టర్” అన్నాడు. తొమ్మిదింటికి. ఆయన పడిపోవడం డ్రైవరు చూసింది అప్పుడే.

“తొమ్మిదైతే పర్లేదండి,” అంది నర్సు. “ఇది పక్షవాతమండి. తల్లో కట్టిన రక్తం గడ్డ కరిగించే సూది ఒకటుంది. మొదలైన దగ్గర్నుంచి కొన్ని గంటల్లోపే వెయ్యాలి. అది దాటిపోయాక వేస్తే తల్లో రక్తం కారి మనిషే పోవచ్చు. అందుకే అడుగుతున్నాను. తొమ్మిదింటి ముందు బానే ఉన్నారా? మాట అదీ మామూలుగానే ఉందా?”

నాలుగేళ్లుగా నేను అర్థం కానట్టు నటించి చాలా ప్రశ్నలు దాటేశాను. ఇది తెలుగులో అడిగిన ప్రశ్న.

“ఏడింటికే మాట పోయిందమ్మా,” అన్నాను. “ముద్ద ముద్దగా మాట్లాడిండు. మూతి సుత ఒక దిక్కు పోయింది.”

“ఏడింటికా? మరి తొమ్మిదిదాకా ఏం చేశారండీ?”

“నవ్విన.”

ఆ అమ్మాయికి సరిగా వినపడలేదేమో అనుకొని మళ్లీ చెప్పాను. “ఎక్కిరిచ్చి నవ్విన. వాళ్ల ఊరి మాట అనుకున్న.”

ఆమె లోపలికి వెళ్లింది. తలుపు అద్దంలోంచి కనిపించింది: ఆమె డాక్టరుతో ఏదో చెప్పడం, డాక్టరు గోడ గడియారం వైపు చూడడం, తల అడ్డంగా ఊపడం. సూది వేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు సగం దారి రోడ్డునే చూస్తూ నడిపాడు. చివరికి, “నౌ బోల్ దేతే తో క్యా హో జాతా, యార్?” అన్నాడు. తొమ్మిదనేస్తే ఏమయ్యేదని. సూది పడేది. దాంతో ఆయన మాట తిరిగి వచ్చేదో, మనిషే పోయేవాడో ఎవరికీ తెలియదు. తర్వాత నర్సు రెండుమూడుసార్లు చెప్పింది, మీరు నిజం చెప్పి మంచి పని చేశారని. ఏడింటికి చేయవలసిన మంచిపని పన్నెండింటికి చేశానని నాకు తెలుసు.

ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి, కుడి కాలు సగం వచ్చాయి. మాట రాలేదు. డచ్చిలో పలకరించారు, ఇంగ్లీషులో పలకరించారు. ఆయన కళ్లతో విన్నాడు, నోరు కదిలించాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ, ఈ మొదటి వారాల్లో ఒక్క మాటైనా తనంతట తాను అనగలిగితే ఆ దారిన మిగతావి తీసుకురావచ్చనీ, అసలు ఏదీ రాకుండా రోజులు గడిచేకొద్దీ కష్టమనీ చెప్పిందట. ఇది నర్సు నాకు ఫోన్‌లో చెప్పింది. ఆ ఒక్క మాట కోసం అందరూ చూస్తున్నారు. నేను ఎలా చూశానో రాయను.

వారం తర్వాత శుక్రవారం సెలవు. కంపెనీ బస్సు పట్నంలో దింపింది. అక్కణ్నుంచి మెట్రోలో ఆసుపత్రికి వెళ్లాను. ఆయన మంచం పక్కన ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. నలభై ఉంటాయి. నుదురు అచ్చం ఆయనదే. కూతురని చెప్పకపోయినా తెలిసిపోయేది. నెదర్లాండ్స్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఫోన్‌లో ఏవో పాటలు వినిపిస్తోంది, మెల్లగా మాట్లాడుతోంది. ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు.

లోపలికి వస్తూ, అలవాటు చొప్పున, పొద్దున పంపు విన్నాక ఆయన అనే వాక్యాన్ని అన్నాను. నీళ్లు నడుస్తున్నాయి, ఇవాళ్టికి బతుకుతాం.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. నా మొహం చూసింది, నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని తలుపు వైపు చూసింది. తర్వాత ఇంగ్లీషులో గబగబా ఏదో అంది. నర్సు అక్కడే ఉండి తెలుగు చేసింది.

“వాళ్ల తాతగారి గొంతు విన్నట్టుందంటున్నారండి. ఆ మాట మీకెలా వచ్చిందీ అని.”

“పనిల నేర్చుకున్న. రోజు గదే మాట్లాడుకుంటుంటిమి.”

“వాళ్ల నాన్నగారు ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఆడేవారు కాదట. ఆవిడతో బడి డచ్చీయేనట. ఆవిడెక్కడ నవ్వులపాలవుతుందోనని. తాతగారు ఫోన్ చేస్తే పక్కగదిలోకెళ్లి మాట్లాడేవారట. ఆవిడకి వింటే తెలుస్తుందిగానీ నోటికి రాదట.”

ఆమె ఇంకా చెప్పింది. ఇప్పుడు ఆ దీవుల్లో పల్లెటూళ్ల పెద్దవాళ్లు, రైతులు, చేపల పడవలవాళ్లు ఆ మాటే మాట్లాడతారట. రొట్టెల దుకాణాల బోర్డుల మీద, టీకప్పుల మీద ముచ్చటగా రాసి పెడతారట. పిల్లలకు తాత మాట తెలుస్తుంది, బడి డచ్చిలో జవాబిస్తారు. తానూ అలాంటి పిల్లే. తండ్రి ఈ నాలుగేళ్లూ ఆ మాట ఎవరితోనూ ఆడకుండా ఒంటరిగా ఉన్నాడేమో అని బాధపడేదట.

ఇక ఆగలేకపోయాను. నర్సుతో, “అమ్మా, నేను చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు, మంచిగ చెయ్యకు” అని మొత్తం చెప్పాను. స్క్రూడ్రైవర్, ముద్దమాట, సగం నవ్వు, డబ్బా మీద కూర్చున్న మనిషి, మూడుసార్లు వెక్కిరించడం. నర్సు చెబుతున్నంతసేపూ కూతురు కదలలేదు.

అయిపోయాక, “కాగితంలో ఏడు అని రాసి ఉందండి. ఎవరు చెప్పారా అనుకున్నాను అంటున్నారు,” అంది నర్సు.

అంతే. పర్లేదు అనలేదు. తప్పు అనలేదు. ఫోన్‌లో పాట ఆపింది. నన్ను ఒక ప్రశ్న అడిగింది. పనిలో మీ ఇద్దరూ ఏ మాటలు ఎక్కువగా అనుకునేవాళ్లు?

నేను మంచం కాళ్ల వైపుకు వెళ్లి నిలబడ్డాను. చేతులు రెండూ తల మీదికెత్తి లేని గొలుసు పట్టుకున్నాను. పై పిడికిలి బిగించాను, కింది పిడికిలి వదులు చేశాను. ఆయన కళ్లు నా చేతుల మీదికి వచ్చాయి.

“కాల్మన్” అన్నాను.

ఏమీ రాలేదు. నేను చేతులు దించలేదు. జవాబు రాకపోతే గొలుసు కదలదు. చట్టం పెట్టింది ఆయనే. నర్సు ఏదో అనబోతే కూతురు చెయ్యి పట్టుకొని ఆపింది. భుజాలు గుంజడం మొదలైంది. నిజం బరువు లేకపోయినా చేతులు ఎత్తి పెట్టడం కష్టమే. మంచం మీద ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద వెతకడం మొదలుపెట్టింది, కింద పీట కోసం తడిమినట్టు. పైన ఒకడు బరువుతో నిలబడి ఉంటే చివరిదాకా పలకకుండా వదిలేసిన రోజు ఆయన బతుకులో లేదు.

“కాల్మన్” అన్నాను మళ్లీ. చట్టంలో ఉన్న మాట.

నోరు కదిలింది. గాలి వచ్చింది. గాలి వెనక గొంతు వచ్చింది.

“రా...నీ.”

నేను చేతులు ఒక లంకె దించాను. నా కంట్లో నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

“కాల్మన్.”

“రానీ.”

కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత నర్సును అడిగింది. ఆ రెండో మాట తనకు తెలియదట. తాత నోట కూడా వినలేదట. ఏ దీవిదని.

నర్సు నా వైపు చూసింది. అబద్ధం చెప్పడానికి మంచి అవకాశం. నర్సుకు చెబితే సర్ది చెప్పేదే. ఆయన నోట వచ్చిన మొదటి మాట మీ ఊరిదేనమ్మా అంటే ఆ పిల్ల ఎంత సంతోషపడేదో. అప్పుడు ఏడింటిని తొమ్మిది చేయలేదు, ఇప్పుడూ నాకు ఆ ఓపిక లేదు.

“మాది,” అన్నాను. “జగిత్యాల దిక్కుది. నాకు తెలిసేటట్టు చెప్పాలని నేర్చుకున్నడు. రానియ్, దింపు అని.”

నర్సు చెప్పింది. ఆమె తల ఊపింది. మొహం కొంచెం వాడింది. ఎందుకు వాడదు? అన్ని సముద్రాలు దాటి వచ్చింది, తండ్రి మొదటి మాట పరాయివాడి ఊరిది.

“ఇటు రా బిడ్డా,” అన్నాను. ఆమెకు తెలుగు రాదని మరిచిపోయాను. వచ్చింది. మంచం కాళ్ల దగ్గర నిలబెట్టి, చేతులు పైకెత్తించి, ఒక పిడికిలి పైన, ఒకటి కింద పెట్టించాను. ఆమె తాత మాటను ఆమెకు ఒక జగిత్యాలవాడు నేర్పించాడు, రియాద్‌లో, ఆసుపత్రిలో. మొదటిసారి బడి డచ్చిలా అంది. తల అడ్డంగా ఊపాను. రెండోసారి మెత్తగా, కొన మింగి, తాత పలికినట్టు అంది.

“కాల్మన్.”

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ మాట ఆ నోట వినడం ఆయనకు అదే మొదలు అయి ఉంటుంది. చాలాసేపు చూశాడు. నేను అందించబోయి ఆగాను. కింద ఉన్నవాడికి పక్కవాడు జవాబు అందించకూడదు. ఆమెవి అలవాటు లేని చేతులు. దించబోయింది. నేను తల అడ్డంగా ఊపి, వద్దన్నాను.

ఆమె పట్టుకొని నిలబడింది.

“రానీ,” అన్నాడు ఆయన.

ఆమె చేతులు ఒక లంకె దించింది.